చేతులు ఆరేదాకా

నిన్న పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఫోన్ మోగింది. మార్తమ్మ కూతురు.

"పిన్నమ్మా, అమ్మ పోయింది."

నాకేం అర్థం కాలేదు. మొన్న ఆదివారమే కదా, ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియో కాల్ చేసి "షుగర్ పెట్టుకొని మామిడిపండు తింటాండావా?" అని నన్ను కడిగేసింది!

నాకు టైపింగ్ రాదు. నేను చెప్తున్నాను, మా మనవరాలు కొడుతోంది. తప్పులుంటే దాన్నే అనండి.

మీ అందరికీ ఆమె రిటైర్డ్ నర్సు. ఆమె లేకపోతే ఈ పోస్ట్ పెట్టడానికి నేనే లేను.

పంతొమ్మిదొందల యాభైల చివర మాట. మైదుకూరు దగ్గర పల్లెలో నా మొదటి కాన్పు. బిడ్డ పుట్టింది. మాయ మాత్రం పడలేదు. రక్తం ఆగడం లేదు.

అంతకు ముందేడే అదే గదిలో మా తోడికోడలికీ ఇట్లే అయింది. మంత్రసాని చెయ్యి పెట్టి మాయ లాగేసింది. తర్వాత జ్వరం పట్టుకుంది, మనిషి దక్కలేదు. అందుకే ఈసారి నొప్పులు మొదలవగానే మా ఆయన బండి కట్టి, మిషన్ ఆసుపత్రి నుంచి మార్తమ్మను తెచ్చాడు. దారిలో ఆ సంగతంతా చెప్పాడట.

ఆమె సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. సీసా తీసి చేతుల మీద స్పిరిట్ పోసుకుంది. గుప్పుమని వాసన.

మా అత్త ఎగిరిపడింది. మద్యనిషేధం రోజులవి, సారా వాసనొస్తే పోలీసులు ఇల్లు సోదా చేసేవాళ్లు. పైగా రాఘవేంద్రస్వామికి ఆమె ఒక్కపొద్దు.

"గురువారం పూట నా ఇంట్లో సారాయి పోస్తావా నర్సమ్మా?"

మార్తమ్మ చేతులు పైకి పెట్టుకొని నిలబడింది.

ఊరికే నిలబడింది!

నాకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఆ రోజు ఆమెను తిట్టినన్ని తిట్లు మా ఆయన్ని కూడా ఎప్పుడూ తిట్టలేదు.

"పిల్ల పోతాంటే బొమ్మ మాదిరి నిలబడుకోనుండావే! చెయ్యి పెట్టు!" అంటూ అత్త ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"నన్ను ముట్టుకోవద్దు పెద్దమ్మా. ఆరనీ. ఆరకముందే పెడితే క్రిములు చావవు, పోయినేడు మాదిరే అయితాది."

పోయినేడు అనగానే అత్త వెనక్కి తగ్గింది.

నిమిషం కూడా పట్టలేదేమో. నాకు మాత్రం ఒక యుగం.

చేతులు ఆరాకే నా దగ్గరికి వచ్చింది. ఆ నొప్పి సంగతి రాయించను, మనవరాలు ఇప్పటికే భయపడుతోంది. మాయ వచ్చింది. రక్తం తగ్గింది.

అయినా గండం గడిచిందని ఎవరికీ నమ్మకం లేదు. జ్వరం వస్తుందేమోనని అత్త పొద్దూమాపూ నా నుదురు పట్టి చూసేది.

రాలేదు.

పురుడు నాడు మార్తమ్మను పిలిపించి, అత్తే తన చేత్తో చీర పెట్టింది.

నిన్న కడప ఆసుపత్రికి పోయాను. గది తలుపు దగ్గర శానిటైజర్ ఉంటే చేతులకు పూసుకున్నాను.

"ఇంక అవన్నీ ఎందుకు పిన్నమ్మా, లోపలికి రా," అంది కూతురు ఏడుస్తూ.

నేను వెంటనే పోలేదు. చేతులు పైకి పెట్టుకొని గడపలోనే నిలబడ్డాను. ఆరాక పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

పోయిరా మార్తమ్మా. నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.

ఇంక నిన్నెవరూ తొందరపెట్టరు.