రాబియా ఉంటే డేగిసా ఉడకదు

మా త్లష్కాలా సంతలో ఎవర్నడిగినా చెబుతారు, మొక్కజొన్న పొత్తు తొక్కల్లో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెల డేగిసా దగ్గర కోపం పనికిరాదని. వండే మనిషికి రాబియా, అదే కోపం, వచ్చిందా, కింద ఎంత మంట పెట్టినా మొక్కజొన్న పిండి పచ్చిగానే ఉంటుందట. అప్పుడు డేగిసా చెవులకు ఎండిన పొత్తు తొక్కలు కట్టి, చుట్టూ చిందేసి బతిమాలుకోవాలి.

ఈ ఒక్క మాట అడ్డం పెట్టుకుని ఎర్మెలిందా నోరు జన్మంతా కుట్టేశారు. అత్త జుట్టు పట్టుకుని ఈడ్చిన రోజున "కోపం తెచ్చుకోకే, పొయ్యి మీద తమాలెలున్నాయి" అన్నారు. మొగుడు ఇంకొకతెతో వెరాక్రూస్ పోయిన రోజునా అదే పాట. ఆవిడ అన్నీ దిగమింగి, చర్చి మలుపులో నిలబడి తమాలెలు అమ్మి, ఆడపిల్లల్ని పెంచింది. ఆ మలుపు తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. పక్కనే పూలమ్ముకునేదాన్ని, నాకు తెలియదా?

మా సంత పెద్ద ఫిదెన్సియో. ఎవరెక్కడ కూర్చోవాలో ఆయన చెప్పిందే వేదం. ఈ ఏడాది ముగ్గురు రాజుల పండక్కి కోసిన రొట్టెలో దాచిన బొమ్మ ఆయన ముక్కలోనే వచ్చింది. బొమ్మ వచ్చినవాడు ఫిబ్రవరిలో కందెలారియా పండగకి అందరికీ తమాలెలు పెట్టాలి. పెట్టకపోతే సంతలో తలెత్తుకోలేడు. వండే పని ఎర్మెలిందాకే అప్పజెప్పాడు.

పండగనాడు పొద్దున్నే సంత పెరట్లో డేగిసా పొయ్యెక్కింది. మూతపెట్టి ఆవిడ చేతులు తుడుచుకుంటుంటే ఈ మహానుభావుడు పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"ఎర్మెలిందా, రేపట్నుంచి ఆ మలుపులో మా కోడలు కూర్చుంటుంది. నీకు వెనక చేపల కొట్ల దగ్గర చూస్తాలే."

"అక్కడికెవరొస్తారన్నా?"

"వచ్చేవాళ్ళొస్తారు. వయసైపోయింది, ఇంకా ఎందుకమ్మా నీకంత ఆశ?"

బుద్ధున్నవాడెవడైనా ఆ మాట డేగిసా దింపాక చెబుతాడు. ఈయన చెప్పేసి, టోపీ సర్దుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎర్మెలిందా మాత్రం వంగి పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

మధ్యాహ్నానికి సంతంతా పళ్ళేలు పట్టుకుని చేరింది. ఆవిడ మూత ఎత్తి, ఒకటి విప్పి చూసి, మళ్ళీ మూసేసింది.

"పచ్చిగానే ఉన్నాయి."

ఫిదెన్సియో మొహం మాడిపోయింది. "చూస్తావేం? తొక్కలు కట్టి చుట్టూ ఆడు."

"నేనెందుకు ఆడాలి? పొద్దున నవ్వుతూనే పొయ్యి వెలిగించాను. నాకు రాబియా తెప్పించినవాణ్ణి ఆడమను." ఆవిడ జనం వైపు తిరిగి, ఆయన అన్న మాటలన్నీ ఒక్కటి పొల్లుపోకుండా చెప్పింది. ఆవిడ నలుగురిలో ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"ఆడవయ్యా, ఆకలేస్తోంది," అంది మిరపకాయల ముసలమ్మ క్రెసెన్సియా. "బొమ్మ నీకొచ్చింది, తమాలెలు మాకు రావద్దా?"

అంత మందిలో ఏం చేస్తాడు? తొక్కలు కట్టి, డేగిసా చుట్టూ గంతులేశాడు. "కాళ్ళు సరిగ్గా ఎత్తు పెద్దాయనా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నాకు నవ్వు రాలేదు, ఇంకో గంట ఆడించాలనిపించింది.

ఎర్మెలిందా మూత తీసి చూసింది. "ఇంకా పచ్చే."

"సరే, మలుపు నీదేలే," అని గొణిగాడు.

"నాకు కాదు, వాళ్ళకి చెప్పు."

అందరికీ వినబడేలా చెప్పాడు. అప్పుడు మళ్ళీ మూత తీసి, ఉడికాయంటూ వడ్డించింది.

నా పళ్ళెంలోని తమాలె తొక్కకు కాస్తయినా అంటకుండా ఊడొచ్చింది. ఎప్పుడో ఉడికి కుదురుకున్నదే అలా ఊడుతుంది. నేను ఆవిడ పక్కకు జరిగాను.

"వదినా, ఇవెప్పుడు ఉడికాయి?"

"మొదటిసారి మూత తీసేటప్పటికే."

"అంటే నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? అత్త ఈడ్చిననాడూ వచ్చింది, మొగుడు పోయిననాడూ వచ్చింది," అంది గరిటె కడుగుతూ. "ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క తమాలె పచ్చిగా దిగలేదు."