ఎర్ర గుడ్డ కట్టిన బండి

ఈ ఉదయం పాలకు వెళ్తూ చూశాను. మా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. ఆ మూలలోనే మా చిన్నాయిన ముఖం ఉంది. గాలి వచ్చినప్పుడల్లా అది మడతపడి కనిపించకుండా పోతోంది. మిగతా ముఖాలు బాగానే ఉన్నాయి. అవి పెద్దవి. కొన్ని నవ్వుతున్నాయి కూడా.

చిన్నాయిన మా బాపుకు తమ్ముడు. పోయిన నెల మోటార్ సైకిల్ ర్యాలీకి వెళ్ళి చనిపోయాడు. ఫ్లెక్సీ మీద ఆయన్ని 'అమరుడు' అని రాశారు. మా ప్రాంతంలో ఆ మాటకు బరువుంది. దాన్ని ఇంత తేలిగ్గా ఎలా వాడారో నాకు తెలియదు. చిన్నాయిన దేనికోసమూ ప్రాణం ఇవ్వలేదు. బండి మీద నుంచి పడ్డాడు. ముందున్నవాళ్ళు ఎవరూ చూడలేదు.

నేను నలుగురిలో గొంతెత్తి మాట్లాడే మనిషిని కాదు. కాన్వెంట్ చదువు నాకు ఇంగ్లీషుతో పాటు నోరు మూసుకుని కూర్చోవడమూ నేర్పింది. అందుకే రాస్తున్నాను. ఇది కోపంతో రాస్తున్నదని ముందే చెబుతున్నాను.

మాది భువనగిరి దగ్గర నేతపని వాళ్ళ ఊరు. అమావాస్యకు మగ్గాలకు సెలవు. తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్ళకు మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి ముందూ ఒక బండి నిలబడింది. కొనడానికి చేసిన అప్పులు వేరే కథ. బండ్లు వచ్చాక అమావాస్య నాడు ఇంట్లో కూర్చోవడం ఎవరి వల్లా కాలేదు. ఒకసారి అందరూ కలిసి హుజూర్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డుకు బయలుదేరారు. చిట్యాల రాకముందే చెల్లాచెదురయ్యారు. కొందరు హైవే ఎక్కి ఎటో వెళ్ళిపోయారు. కొందరు నల్లగొండలో టిఫిన్ దగ్గర ఆగిపోయారు. మా పక్కింటాయన బండి పంక్చరై, పొద్దుగూకేదాకా రోడ్డు పక్కన రాయి మీద ఒంటరిగా కూర్చున్నాడు. కృష్ణలో మునిగి వచ్చినవాళ్ళు వచ్చేటప్పుడు ఆయన్ని చూసి, "నువ్వు రాలేదానే?" అని అడిగారట.

ఆ సాయంత్రం చిన్నాయిన అందర్నీ మా అరుగు ముందు నిలబెట్టాడు.

"ముంగటోడు ఎంత స్పీడ్ పోతుండో ఎవ్వడు సూడొద్దు. ఎనుకటోడు ఉన్నడా లేడా, గదొక్కటే సూడున్రి. ఉన్నడంటే పో. లేడంటే ఆగు."

"ఎంత సేపు ఆగాలె కాకా?"

"వాడొచ్చేదాంక."

"రాకుంటే?"

"నువ్వే మర్లిపో. నీ ఎనుకటోడు నీ పూచీ."

మొత్తం నియమం ఇంతే. కానీ అది ఎలా పనిచేసేదో చూస్తే ముచ్చటేసేది. మధ్యలో ఒక బండి ఆగితే, దాని ముందున్నవాడు అద్దంలో ఖాళీ చూసి ఆగేవాడు. అతను ఆగాడని ఆ ముందువాడు ఆగేవాడు. ఎవరూ ఫోన్ చేయకుండానే, ఎవరూ అరవకుండానే వరస మొత్తం నిలబడిపోయేది. అందరికంటే ముందున్నవాడికి కారణం కూడా తెలిసేది కాదు. ఒకసారి మిర్యాలగూడ దాటాక వెనకెక్కడో పెట్రోల్ అయిపోయి ఒక బండి ఆగింది. ముందున్న కుర్రాళ్ళు ఎందుకు ఆగారో తెలియకుండానే జామకాయలు కొనుక్కుని తింటూ కూర్చున్నారు. ఆగిపోయిన బండి వచ్చేసరికి గంపలో సగం కాయలు లేవు.

చివరి బండి ఎప్పుడూ చిన్నాయినది. రంగు అద్దేటప్పుడు మిగిలిన నూలుతో నేసిన ఎర్ర గుడ్డ ఒకటి ఉండేది. దాన్ని హ్యాండిల్‌కు ముడివేసేవాడు. ముందువాడి అద్దంలో అది కనిపించాలి. ఎర్రగా కనిపిస్తే అంతా క్షేమం.

ఆయన్ని దేవుణ్ణి చేయదలచుకోలేదు. నోరు మంచిది కాదు. ఎవరైనా వంతెన మీద సెల్ఫీకి ఆగితే వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా వదిలేవాడు కాదు. సంచిలో గిన్నె, అల్లం పెట్టుకుని వచ్చి, ప్రతి చోటా తనే చాయ్ కాచేవాడు. అది నాలుకను పొడిచేది. తాగకపోతే అలిగేవాడు. నలభై దాటి నడిపేవాడు కాదు. కుర్రాళ్ళు ఆయన్ని 'గూడ్సు బండి' అనేవారు, ఎదురుగానే.

"గూడ్సు బండి లేటయితది గని డబ్బాలన్ని తెస్తదిరా. మీ ఎక్స్‌ప్రెస్ ఇంజన్ ఒక్కటే ఉరుకుతది," అనేవాడు.

గుంపుగా వెళ్ళడం మంచిదా కాదా అని మా ఇంట్లో చాలాసార్లు వాదన జరిగింది. బాపు వద్దనేవాడు. చిన్నాయిన రెండు వైపులా తనే వాదించేవాడు. మంచి ఏమిటంటే, ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఒక్క బండి మీద మొగుడూ పెళ్ళామూ పోతుంటే దారిలో ఏమైనా దిక్కుండదని భయపడేవాళ్ళు, పది బండ్లు కలిసి పోతుంటే ధైర్యంగా ఎక్కారు. కొందరం స్కూటీలు మేమే నడిపాం. మా చిన్నమ్మ పెళ్ళయిన నాటి నుంచి మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉంది. కృష్ణను మొదటిసారి చూసింది అలా వెళ్ళినప్పుడే. నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, "గింత నీళ్ళు పెట్టుకొని మనకు బోరు నీళ్ళేందయ్యా?" అని చిన్నాయిన మీదే కోప్పడింది. లారీవాళ్ళు కూడా వరసను చూసి కాస్త జరిగేవారు. వాన వస్తే ఒకరి బరకం కింద ఇంకొకరు దూరేవారు.

చెడు గురించి ఆయన చెప్పినది నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది.

"ఒక్కన్నే పోతే నాకు రెండు కండ్లు బిడ్డా. గుంపుల పోతే అందరికి కలిపి ముంగటోని రెండే కండ్లు."

లారీని దాటే ముందు మొదటివాడు రోడ్డు చూసుకుంటాడు. రెండోవాడు మొదటివాణ్ణి చూస్తాడు. మూడోవాడు ఏమీ చూడడు. దాటేస్తాడు. అందుకే మా వాళ్ళలో ఎవరు లారీని దాటాలన్నా ఎవరి రోడ్డు వాళ్ళే చూసుకోవాలి. ఆలస్యమైనా సరే.

ఇంకొకటి కూడా చెప్పేవాడు. వరసలో ప్రతి ఒక్కరికీ ముందున్నవాడు కాపలా. చివరివాడికి వెనక ఎవరూ ఉండరు, వాడు పడితే చూసేది ఒక్క అద్దమే. "ఆఖరోని ముందర ఉన్నోళ్ళు అద్దం మీదికెల్లి కన్ను తియ్యొద్దు. గా జాగల ఉషారుగాన్ని పెట్టొద్దు. మాటకారిని అసలే పెట్టొద్దు. కుదురుగ ఉండేటోళ్ళను పెట్టాలె."

పోయిన నెల భువనగిరికి ఒక నాయకుడు వస్తున్నాడని ర్యాలీ అన్నారు. ఏ పార్టీయో రాయను. మా వీధి చివర ఉండే కాంట్రాక్టర్ దానికి పెద్ద. మాతో రెండుసార్లు కృష్ణకు వచ్చినవాడే. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చిన్నాయినను బతిమాలాడు.

"నువ్వు ఎనుక ఉంటే నాకు ఫికర్ ఉండదన్నా. గా ఎర్ర గుడ్డ కట్టుకొని రా."

"మనోళ్ళందరు వస్తున్నరా? ఆడోళ్ళు గూడ?"

"ఆడోళ్ళ బండ్లు వద్దన్నా. స్పీడ్ తగ్గుతది. వీడియోల బాగ రాదు."

లోపలి నుంచి చిన్నమ్మ అంది: "గా లొల్లిల నువ్వెందుకయ్యా? మగ్గం మీద చీర సగమే ఉన్నది."

"పోరగాండ్లు ఎగురుకుంట పోతరు. ఎనుక ఎవడన్న ఉండాలె గద," అన్నాడు చిన్నాయిన.

ఇక్కడ నా కోపం ఆయన మీద కూడా. అందరికీ నియమాలు చెప్పిన మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నా ముందు ఎవరుంటారు, వాడు అద్దం చూస్తాడా అని అడగలేదు.

మీలో చాలామంది ఇలాంటి ర్యాలీ కోసం రోడ్డు పక్కన ఆగి ఉంటారు. సైలెన్సర్లు తీసేసిన బండ్లు, ఒక్కో బండి మీద ముగ్గురు, వెనకవాడు జెండా పట్టుకుని నిలబడి ఉంటాడు. అందరూ ముందుకే చూస్తారు. ముందు కెమెరా ఉంటుంది.

ఊరు దాటాక కల్వర్టు మలుపు దగ్గర ఎవరి బండి నుంచో ఒక జెండా జారి రోడ్డు మీద పడింది. అది చిన్నాయిన ముందు చక్రానికి చుట్టుకుంది. పాలిస్టర్ గుడ్డ. జీవితమంతా నేసిన మనిషిని అది కాలువలో పడేసింది. అక్కడ మేకలు కాస్తున్న ముసలామె చూసింది. కేకలు వేసింది. బండ్ల మోతలో ఎవరికీ వినిపించలేదు. ఆమె కాలువలోకి దిగి ఆయన తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి ఒక ఆటో వచ్చింది. దవాఖానకు చేరేసరికి రక్తం పోయింది, మనిషి పోయాడు.

ఆమెను వెతుక్కుంటూ వెళ్ళి దండం పెట్టాను. "గంత మంది పోయిన్రు బిడ్డా. ఒక్కడన్న మర్లి సూడలే," అంది. నేను విన్న సంతాప వాక్యాల్లో నిజమైనది అదొక్కటే.

అక్కడ సభ జరిగింది. చప్పట్లు కొట్టారు. తర్వాత బిర్యానీ పంచారు. మా వీధివాళ్ళ కోసం పక్కన పెట్టిన పొట్లాల్లో ఒకటి మిగిలింది. అప్పుడు ఎవరో అడిగారట, "కాక ఏడిరా?" అని.

దినాలకు కాంట్రాక్టర్ వచ్చాడు, తనవాళ్ళతో. చిన్నమ్మ ముందు కూర్చుని, "ఎనుకనే వస్తుండు అనుకున్నం వదినే," అన్నాడు. పక్కనున్నవాళ్ళూ అదే మాట అన్నారు. ఒకరి తర్వాత ఒకరు, అచ్చం అదే మాట.

"ఎవలు సూసిన్రు?" అంది చిన్నమ్మ.

"అన్న ఎప్పుడు ఎనుకనే ఉంటడని అందరికి ఎరుకే గద..."

"ఎరుకయితే సూడొద్దా?"

వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు ఫ్లెక్సీ లేచింది.

వాళ్ళు చిన్నాయిన పద్ధతినే తీసుకున్నామని చెప్పుకుంటున్నారు. చివర ఒక మనిషి, ఎర్ర గుడ్డ. నిజమే, అవి తీసుకున్నారు. ఆ మనిషి వెనక ఉన్నాడు కాబట్టి ఇక మనం చూడక్కర్లేదు అనుకున్నారు. ప్రతి ఒక్కరి పూచీనీ తెచ్చి ఒక్కడి నెత్తిన పెట్టి గాలిలా పోయారు.

ఇప్పుడు మా వీధి పెద్దలు ఇంకో నిర్ణయం చేశారు. ఇకపై అమావాస్యకు బండ్ల మీద గుంపుగా వెళ్ళడం బంద్. "గుంపులల్ల పోతే గిట్లనే అయితది," అన్నాడు ఒకాయన. పంక్చరైన రోజు రాయి మీద కూర్చున్న పక్కింటాయనే ఆ మాట అన్నాడు. బాపు తలూపాడు. అరుగు మీద అందరూ తలూపారు.

నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడి నుంచే అన్నాను. "చిన్నాయిన పానం గుంపుల పోలే. గుంపు ఎల్లిపోయినంక పోయింది."

బాపు నా వైపు చూశాడు. నేను ఆ అరుగు మీద పెద్దల ముందు మాట్లాడడం ఆయన అంతకు ముందు వినలేదు. "లోపలికి పో బిడ్డా," అన్నాడు. గదమాయించలేదు. మెల్లగానే అన్నాడు. నేను లోపలికి పోలేదు.

ఏళ్ళ తరబడి, అరిచి, అలిగి, ఆ ఘాటు చాయ్ తాగించి, నలుగురు మనుషులు ఒకరినొకరు వదలకుండా ఒక దారిన పోవచ్చని ఆయన మాకు చూపించాడు. ర్యాలీవాళ్ళు ఆయన్ని కాలువలో వదిలేశారు. మా పెద్దలు ఆయన చూపించినదాన్ని అరుగు మీద వదిలేస్తున్నారు. రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి.

వచ్చే అమావాస్యకు కృష్ణకు ఎవరు వస్తారో తెలియదు. చిన్నమ్మ మాత్రం వస్తానంది. వంగిపోయిన బండి హ్యాండిల్ నుంచి ఎర్ర గుడ్డ విప్పి, తనే ఉతికి, దండెం మీద ఆరేసింది. నీళ్ళలో రంగు దిగలేదు. ఆయన అద్దిన రంగు దిగదు.

ఇది రాస్తూ మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్ళాను. అక్కడ నా స్కూటీ ఉంది. దాని కుడి అద్దాన్ని చిన్నాయినే తిప్పి బిగించాడు, మళ్ళీ ఎవరూ కదపలేదు. అందులో దండెం మీది ఎర్ర గుడ్డ కనిపిస్తోంది. మా ప్రయాణాలన్నిటిలోనూ చివరి నుంచి రెండో బండి నాది.