వాపస్ వచ్చేటప్పుడు ఒక్క గంట

మా చిన్నప్పుడు ఫైరింజన్‌కి సైరన్ లేదు... ముందు భాగాన పెద్ద ఇత్తడి గంట, దానికో తాడు. మా నాయన ఆ బండి మీదే పనిచేసేవాడు. గంట కొట్టడం ఆయన పని. ఉప్పల్‌లో స్టేషన్ వెనక సందులోనే మా ఇల్లు.

ఆదివారం ఆ గంట తోమేది నేనే... చింతపండుతో. "పులుసుకే లేదు, గంటకు కావాల్నానే చింతపండు?" అని అమ్మ తిట్టేది. తిడుతూనే ఇంకో రెబ్బ చేతిలో పెట్టేది.

బండి పోయేటప్పుడు ఊరంతా వినపడేలా కొట్టేవాడు. వచ్చేటప్పుడు మాత్రం చప్పుడుండదు. నాకు ఆ చప్పుడు లేకపోవడమే భయం...

"నాయినా, వాపస్ వచ్చేటప్పుడు గూడ ఒక్కసారి కొట్టరాదు?" అని అడిగాను.

"గట్ల కొట్టద్దు బిడ్డా... మళ్ళ యాడనో అంటుకున్నదని జనం ఉరుకుతరు" అని నవ్వాడు.

ఒక ఆదివారం పొద్దున నాచారంలో నూనె మిల్లు అంటుకుంది, నాయన బండి అటే పోయింది. మా వాకిట్లోంచే నల్లటి పొగ కనపడుతోంది. అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి దించడం మరిచిపోయింది... ఇల్లంతా మాడు వాసన. మధ్యాహ్నం దాటింది. "గోడ కూలిందంట" అని పక్కింటామె వచ్చి చెప్పింది. ఎవరి మీద కూలిందో ఆమెకు తెలియదు. నేను అరుగు మీద కూర్చుని, చేతిలో ఉన్న చింతపండు పిసుకుతూనే ఉన్నాను...

అప్పుడు సందు మలుపులో... ఠంగ్. ఒక్కటే.

ఉరికాను. నాయన మొహమంతా మసి. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎందుకు కొట్టినవయా గంట?" అని స్టేషన్ పెద్దసారు గద్దించాడు.

"చెయ్యి తాకింది సారూ."

పెద్దసారు నా వైపు చూశాడు... టోపీ తీసుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత బండి వాపస్ వచ్చిన ప్రతిసారీ నాయన చెయ్యి తాకుతూనే ఉండేది...

గంట పోయి, చేత్తో తిప్పే సైరన్ వచ్చింది. అదీ పోయింది. నాయనా పోయాడు. ఇప్పుడు ఉప్పల్ చౌరస్తాలో ఫైరింజన్ కూత వినపడితే, ఆ పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఎవరు వాకిట్లో కూర్చున్నారో అని నాకు ఒకటే ఫికర్.

మనవరాలు స్కూటీ మీద పోచారం ఆఫీసుకు పోతుంది. చేరగానే ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. "ఎత్తకు అమ్మమ్మా, ముత్తాత గంట అనుకో" అంటుంది.

మీ ఇంట్లో మనిషి క్షేమమని ఏ చప్పుడు విని తెలుసుకునేవాళ్ళు? జర రాయండి... చదువుకుంటూ ఉంటాను. ఈ రోజు రింగు ఇంకా రాలేదు. ఫోనును చింతపండుతో తోమలేం కదా... కొంగుతోనే తుడుస్తూ కూర్చున్నాను.