ఇళ్ల పేక కనిపెట్టిన ఫిట్టరు

ఆ నూలు మిల్లు ఫిట్టరు గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టినా గొప్పతోనే మొదలవుతుంది. చదివింది ఐదో తరగతి. అదీ ఒకే గదిలో, ఒకే పంతులు ఐదు తరగతులకూ చెప్పే బడిలో. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం దాకా ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతాడు. పెద్ద చదువు చదివిన ఇంజనీరు మూడు రోజులు పుస్తకాలు తిరగేసి చేతులెత్తేసిన యంత్రానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "మూడో బేరింగు" అన్నాడు. విప్పి చూస్తే మూడో బేరింగే. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన బిగించిన నట్టు ఊడిన పాపాన పోలేదు. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు తొమ్మిది మిల్లుల్లో హెడ్ ఫిట్టర్లు.

వీటన్నిటినీ తలదన్నే ఘనకార్యం ఇళ్ల పేక.

ఒకప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లు క్యాంటీనులో పందెం పేక జోరుగా సాగేది. ఒకరోజు ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. మేనేజరు వచ్చి, ఇక ముక్క కనబడితే గేటు బయటే అన్నాడు. అందరూ తలలు దించుకుంటే ఫిట్టరు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"పందెం లేని పేక ఆడుకుంటే తప్పాండీ?"

"పందెం లేకుండా ఎవడాడతాడయ్యా?"

"మేం ఆడతాం."

అన్నాడే గానీ అప్పటికి అలాంటి ఆట ఏదీ ఆయన బుర్రలో లేదు. మర్నాటికల్లా కట్టుకొచ్చాడు. పేకలో నాలుగు రంగులు, నాలుగు వీధులు. ముక్కకో ఇల్లు. ఆసు వీధిలో మొదటి ఇల్లు, రాజు చివరిది. మనిషికి ఏడిళ్లు పంచుతారు. వంతు వచ్చినవాడు ఎవరినైనా బేరం అడగవచ్చు: నా ఇల్లు తీసుకో, నీ ఇల్లివ్వు. ఒకే వీధిలో వరసగా నాలుగిళ్లు కలిపినవాడు బల్ల మీద చరిచి "వీధి నాదే!" అంటే ఆట అయిపోయినట్టు. డబ్బు ఊసే లేదు. ఉన్నదంతా నోటి మహిమ.

నోరు ఎలా వాడాలో కూడా ఆయనే నేర్పాడు. కావలసిన ఇంటివంక కన్నెత్తి చూడకు. చేతిలో ఉన్న ఇల్లు బంగారమని చెప్పు. ముందు పుచ్చుకో, ఆ తర్వాతే ఇవ్వు. ఈ మూడూ వంటబట్టించుకోని మనిషి ఆ మిల్లులో లేడు. పదకొండేళ్ల పాటు ఆయన్ని ఓడించిన మనిషీ లేడు.

అలాంటి మిల్లులో కొత్త క్వార్టర్లు కట్టారు. నాలుగు మేడలు, మేడకు ఆరిళ్లు, అంతస్తుకు రెండేసి. ఇరవైనాలుగు కుటుంబాలు. ఎవరికి ఏ ఇల్లన్న దగ్గర నెల రోజులు కొట్టుకు చచ్చారు. విసుగెత్తి మేనేజరు తేల్చేశాడు. "ఆదివారం మీలో మీరే పంచుకోండి. నాలుగింటికల్లా జాబితా మా గుమాస్తా చేతికి రావాలి. నాలుగు దాటితే ఆ తర్వాత మార్పుల్లేవు."

ఫిట్టరు మీసం దువ్వాడు. ఈ పని ఆయన కోసమే పుట్టినట్టుంది. ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు అని మేడలకు పేర్లు పెట్టాడు. ఆసు, రెండు కిందిళ్లు. మూడు, నాలుగు నడిమివి. ఐదు, ఆరు పైవి. ఆ ఇరవైనాలుగు ముక్కలూ కలిపి పంచడం, ఎవరికి వచ్చింది వాళ్లది, నచ్చకపోతే బేరమాడి మార్చుకోవడం. మార్పు కుదిరితే ఇద్దరూ గుమాస్తా దగ్గర కాగితం మీద సంతకం పెట్టాలి. క్యాంటీనంతా చప్పట్లు.

ఆదివారం పొద్దున ఇల్లు కదిలే ముందు ఆయన భార్య కుట్టు మిషను మీద నుంచి తలెత్తకుండానే ఒక మాట చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఆ పేటలో సగం మంది ఒంటి మీద గుడ్డలు ఆమె కుట్టినవే. రెండేళ్లయి కుడి మోకాలు అరిగిపోయింది. నేల మీద నడుస్తుంది, కాలితో మిషనూ తొక్కుతుంది గానీ మెట్టెక్కితే మాత్రం గోడ పట్టుకుని నిలబడిపోతుంది.

"కిందిల్లొస్తే వస్తాను. మేడ మీదొస్తే మీరొక్కరే కాపురం పెట్టుకోండి. నేనూ నా మిషనూ మా అన్నయ్య దగ్గరికి పోతాం."

"నేనుండగా నీకెందుకే ఆ బెంగ? కిందిల్లు తేకపోతే నేను ఫిట్టర్నే కాదు."

పది గంటలకు క్యాంటీనులో ముక్కలు పంచారు. ఫిట్టరుకు ఇస్పేటు ఆరు వచ్చింది. అంటే మేడ కొనకొమ్మ. ఆయన కనురెప్ప కూడా ఆడలేదు. ముక్కను గుండెలకు ఆనించుకుని, "ఆహా! గాలికి గాలి, వెలుతురుకు వెలుతురు. ఇది ఎవరికీ ఇవ్వను" అన్నాడు.

ఎదురుగా కండెలమ్మాయి కూర్చుంది. కండెలకు నూలు చుట్టే విభాగంలో ఆమెను మించిన చెయ్యి లేదు. ఆమె మాత్రం తక్కువ తిందా? "నాకు డైమను రెండొచ్చింది బాబాయ్. నేల మీదిల్లు. ప్రాణం పోయినా వదలను" అంది.

ఫిట్టరు లోపల ఎగిరి గంతేశాడు. పైకి ఆవులించాడు. "కిందిల్లా? పాపం. చీమలూ, తేమా. సరేలే, ఎవరి కర్మ వాళ్లది."

"మరి నీ ఇల్లో బాబాయ్? ఎండలో పెనమే. దించడానికి మనుషులు రావాలి నిన్ను."

ఇలా పన్నెండైంది. ఒంటిగంటైంది. ఆయన తగ్గడు, ఆమె దిగదు. వాళ్లిద్దరే అనుకుంటే పొరపాటు. ఇరవైనాలుగు మందీ ఇళ్ల పేకలో ఆరితేరినవాళ్లే. ఎవరిని కదిలించినా తన ఇల్లు బంగారం, పరాయి ఇల్లు పాడు. తల్లికోసం కిందిల్లు కావలసిన గేటు కాపలా మామ, తనకొచ్చిన నడిమింటిని ఎంత పొగిడాడంటే చివరికి అది వదిలిపెట్టడానికి ఆయనకే సిగ్గేసింది. రెండున్నరకు గుమాస్తా బల్ల మీద ఒకే ఒక్క మార్పు కాగితం ఉంది. అదీ ఇద్దరూ పొరపాటున, ఎదుటివాడి మాట నమ్మి చేసుకున్నది. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

మూడింటికి ఫిట్టరు భార్య అన్నం క్యారేజీతో వచ్చింది. క్యాంటీనుకు మూడు మెట్లు. రెండో మెట్టు దగ్గరే ఆగి రెయిలింగు పట్టుకుంది. ఆయనే దిగి వెళ్లాడు.

"తెచ్చారా?"

"ఆఁ, దాదాపు. ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఇంకాస్త సాగదీస్తే దానంతటదే..."

"పొద్దుట్నుంచీ సాగదీస్తున్నారా? కావాలని అడిగారా అసలు?"

ఆయన ఆమె చేతిలోని క్యారేజీ అందుకున్నాడు.

"పేకలో ఓడిపోతే ముక్కలు కలిపి మళ్లీ పంచుతారు. నాలుగు దాటాక ఈ ఇళ్లు ఎవరు కలుపుతారండీ?"

ఆయన క్యారేజీ అక్కడే పెట్టి లోపలికి నడిచాడు. బెంచీ ఎక్కాడు. ఇస్పేటు ఆరును అందరికీ కనబడేలా ఎత్తి, బల్ల మీద వెల్లకిలా పడేశాడు.

"వినండి. నాకీ ఇల్లు వద్దు. నాకు కిందిల్లు కావాలి. మా ఆవిడ మోకాలు మేడెక్కనివ్వదు. అంతే."

గేటు మామ పగలబడి నవ్వాడు. "చూశారా ఎత్తు! ఆ ఇస్పేటు ఆరులో ఏదో ఉంది రోయ్. వదిలించుకుంటున్నట్టు నటిస్తున్నాడు!"

"నిజమేరా! ఆయన వద్దన్నాడంటే అది కావాలనే."

"ఒరే, నిజం చెబుతున్నానురా!"

"బాబాయ్, పోయినేడాది కళావరు రాజు దగ్గర కూడా ఇలాగే కళ్లనీళ్లు పెట్టుకున్నావుగా" అంది కండెలమ్మాయి.

నిజమే, పెట్టుకున్నాడు. ఆ ఆటా గెలిచాడు. పదకొండేళ్ల కీర్తి ఇవాళ మెడకు చుట్టుకుంది. మూడు ముప్పావు. ఆయన గుమాస్తా దగ్గరికి వెళ్లి మార్పు కాగితం తీసుకున్నాడు. అందులో తన ఇల్లు ‘ఇస్పేటు ఆరు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టాడు. కాగితాన్నీ ముక్కనూ కలిపి కండెలమ్మాయి చేతిలో పెట్టి, ఖాళీ చేతులు రెండూ చూపించాడు.

"నా ఇల్లు ఇచ్చేశాను. నీది ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. లేకపోతే రెండూ నువ్వే ఉంచుకో."

ఎవరూ నవ్వలేదు. పుచ్చుకోకముందే ఇవ్వడం ఆ బల్ల దగ్గర ఎవరూ చూడని పని. అది ఎత్తు కావడానికి వీల్లేదని అందరికీ అర్థమైంది, ఎందుకంటే ఎత్తులన్నీ వాళ్లకు ఆయన నేర్పినవే.

కండెలమ్మాయి కాగితం వంక చూసింది. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడ్డ మనిషి వంక చూసింది. గబగబా సంతకం గీకేసింది.

"ఈ మాట పదింటికే చెప్పొచ్చుగా బాబాయ్! నాకు పైయిల్లే కావాలి. పదేళ్లుగా దూది దుమ్ము పీల్చి పీల్చి దగ్గొస్తోంది. కాస్త గాలి తగిలే చోటుండాలని డాక్టరు చెప్పాడు."

"మరి ప్రాణం పోయినా వదలనన్నావు?"

"నేర్పింది ఎవరూ?"

అంతే, గట్టు తెగినట్టయింది. ఒక్కొక్కరూ ముక్కలు వెల్లకిలా పడేశారు. "నాకు ఆఠీను ఆసు, మా అమ్మ కోసం!" అని అందరికంటే గట్టిగా అరిచింది గేటు మామే. "నాకు నడిమిదైనా చాలు!" "కళావరు ఐదు ఎవరికి కావాలి?" పది నిమిషాల్లో పదమూడు మార్పులు. గుమాస్తా దగ్గర కాగితాలు అయిపోతే పాత క్యాంటీను రసీదుల వెనక రాయించాడు ఫిట్టరు. నాలుగుకు ఒక నిమిషం ఉండగా ఇరవైనాలుగు ఇళ్ల జాబితానూ ఆయనే బెంచీ మీద నిలబడి చదివాడు. ఒక్క తప్పు లేదు. అంతకుముందు ఆ మిల్లులో ఒక పంపకాన్ని ఎవరూ గొడవ లేకుండా ముగించలేదు. ఆ తర్వాతా ముగించలేదు.

డైమను రెండు ముక్క చేత్తో పట్టుకుని మెట్లు దిగి, భార్యకు చూపించాడు. ఆమె ముక్కను అటూ ఇటూ తిప్పింది.

"కిటికీ ఎటువైపుంది?"

పొద్దుట్నుంచీ ఇరవైనాలుగు ఇళ్లనూ నోటితో అమ్మి కొన్న మనిషి, ఒక్క ఇంట్లోనూ అడుగుపెట్టి చూడలేదు.

"ఎటుంటే ఏం? మిషను అటు తిప్పుతా" అన్నాడు, క్యారేజీ మూత తీస్తూ.