పరాయి జట్టు కాదన్న ప్లీడరు గారు

నా పేరు శాంతమ్మ. డెబ్బై దాటాయి, ఎంత దాటాయో చర్చి పుస్తకంలో చూసుకోవాలి. కలిదిండి అవతల, కొల్లేటి వైపు మా ఊరు. ఇంట్లో నేను, నా కూతురి కూతురు రూతు, ఇద్దరమే. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రూతు రాస్తోంది. ముందు పేరు, వయసు, ఇల్లు చెప్పుకోవాలని నాకు నేర్పింది ఏలూరు ప్లీడరు గారు. "అవి చెప్పాక మీరు ఎవర్ని తిట్టినా వినాల్సిందేనమ్మా" అనేవారు.

ఆ ప్లీడరు గారు పోయారు. ఏలూరుకు చేపలు తోలే లారీ డ్రైవరు సత్తిబాబు మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. "మన ప్లీడరు గారు లేరు మామ్మా. ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో పోయారంట." చేతిలో చీపురు అలాగే పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను.

సంతాప సభకు వెళ్లాను. పెద్దలందరూ ఆయన గెలిచిన చెరువుల కేసులూ పొలం గట్ల కేసులూ చెప్పారు. జీవితంలో గొంతు పెంచలేదన్నారు, బల్ల గుద్దలేదన్నారు. రూతు కేసు ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అందుకే ఇది రాయిస్తున్నాను. ఆయన బల్ల గుద్దారు. నేను చూశాను.

రూతు కబడ్డీ ఆడుతుంది. నేను చెడుగుడు అంటాను, దానికి కోపం. తల్లి పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే, ఈ ఊళ్లోనే పెరిగింది. మైనరుగా ఉండగానే తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు క్లబ్బు వాళ్లు జీతమిచ్చి ఆడిస్తామని తీసుకున్నారు. ఒప్పంద కాగితం ఇంగ్లీషులో ఉంది. క్లబ్బు గుమాస్తా దాన్ని తెలుగులో చెప్పి, నా చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ ఏడు ఈస్టరుకు పిల్ల ఇంటికొచ్చింది. పండగ మర్నాడు చర్చి ఆవరణలో మా ఊరి ఆడపిల్లలకూ పక్క ఊరి వాళ్లకూ పోటీ. మా పిల్లల్లో ఒకతె కాలు మడతపడి కూర్చుంది. ఇదేమో గీత బయట నిలబడి చూస్తోంది.

"నీ ఊరు ఓడిపోతుంటే జామకాయ కొరుక్కుంటూ చూస్తావా? దిగు" అన్నాను.

దిగింది. గెలిచారు. ఇవాళైనా అదే మాట అంటాను.

ఆ గెలుపు ఫోటో పేపర్లో పడింది. క్లబ్బు వాళ్లు చూసి అసోసియేషనుకు ఫిర్యాదు పెట్టారు. ఇంకో జట్టుకు ఆడి ఒప్పందం తప్పిందని, రెండేళ్ల పాటు ఎక్కడా ఆడకూడదని అసోసియేషను వాళ్లు నిషేధం వేశారు. ఎదిగే వయసులో రెండేళ్లు ఆపితే ఆ పిల్ల ఇంక బరిలోకి వస్తుందా? రూతు బూట్లు తీసి అటక మీద పడేసింది.

దాన్ని వెంటబెట్టుకుని ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాను. బక్కపలుచటి మనిషి. నాలుగు మాటలకోసారి ఆగి, చేతిలో ఉన్న మందు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చుకునేవారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"మీకు కూతే నిలవట్లేదు. మా కేసేం వాదిస్తారండీ?" అన్నాను. రూతు నన్ను గిల్లింది.

ఆయన నవ్వారు. "కూతకెళ్లేది మీ మనవరాలు. నేను పట్టేవాణ్ణమ్మా. పట్టేవాడికి కూతతో పనిలేదు." ఊపిరి తీసుకుని, "కాగితంలో ఏముందో నేను చదువుకుంటాను. మీకు ఏం వినిపించారో అది చెప్పండి" అన్నారు.

"ఏముందండీ. వేళకు రావాలన్నారు. దెబ్బ తగిలితే డాక్టరుకు చూపిస్తామన్నారు. పరాయి జట్టుకు ఆడకూడదన్నారు. ఇది ఆడలేదుగా."

"మళ్లీ అనండి."

"చెవుడా అండీ మీకు? పరాయి జట్టుకు ఆడకూడదన్నారు."

ఆయన కలానికి మూత పెట్టేశారు. "ఇంక చాలు. కాఫీ తాగి వెళ్లండి."

కేసు నడిచినన్నాళ్లూ అలాగే. కుర్చీలో నన్ను కూర్చోబెట్టాకే తను కూర్చునేవారు. ఒకసారి ఆయన ఆయాసానికి మందని వేలెడు కొర్రమీను పిల్లను నీళ్ల డబ్బాలో వేసుకుని వెళ్లి, బతికుండగానే మింగమన్నాను. అది ఈదుతుంటే చాలాసేపు చూశారు. "మీ తిట్లు మింగుతున్నాను కదమ్మా, దీన్ని వదిలేద్దురూ" అన్నారు. వాళ్ల నీళ్లతొట్టిలో అది చాలాకాలం బతికింది.

నిషేధం మీద మా అప్పీలు విచారణ ఏలూరులో జరిగింది. అసోసియేషను వేసిన కమిటీకి పెద్ద, రిటైరైన జడ్జి గారు. ప్లీడరు గారు క్లబ్బు గుమాస్తాను లేపారు.

"ఈమెకు తెలుగులో చెప్పింది తమరేనా అండీ?"

"నేనేనండి."

"ఏ జట్టుకు ఆడకూడదని చెప్పారు?"

"పరాయి జట్టుకండి."

"ఈ పిల్లకి సొంతూరు పరాయిదా అండీ?"

గుమాస్తా తల గోక్కున్నాడు. "అది... అలా అనుకోలేదండీ."

క్లబ్బు మేనేజరు లేచాడు. "కాగితంలో ఇంకే జట్టుకైనా అని ఉందండీ. చదువు రానివాళ్లు తర్వాత ఇలాగే అంటారు."

అప్పుడు గుద్దారు బల్ల. మంచినీళ్ల గ్లాసు దొర్లిపోయింది. "చదువు రాదండీ. చెవులున్నాయి. విన్నమాటకే వేలిముద్ర వేసింది" అన్నారు. అంతటితో ఊపిరి అయిపోయింది. గొట్టం తీసి పీలుస్తుంటే జడ్జి గారితో సహా అందరూ ఆగారు.

చెప్పి వినిపించిన మాటే ఈమె ఒప్పుకున్న మాట అని జడ్జి గారు నిషేధం కొట్టేశారు. బయటికొచ్చాక ప్లీడరు గారు అరచెయ్యి రుద్దుకుంటూ, "బల్ల సంగతి ఎవరికీ చెప్పకండమ్మా. నెమ్మదస్తుడని నాకు పేరుంది" అన్నారు. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.

మరుసటి ఈస్టరు పోటీ చూడ్డానికి ప్లీడరు గారు సత్తిబాబు లారీలో మా ఊరొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. రూతు కూత మొదలుపెట్టి నడిమి గీత దాటింది. గీత ఇవతల ఈయన పెదవులు కూడా దానితోపాటే కబడ్డీ కబడ్డీ అంటున్నాయి. మధ్యలో ఆగి, గొట్టం పీల్చి, మళ్లీ అందుకున్నారు. మళ్లీ ఆగారు. పిల్ల మాత్రం ఆపలేదు. అది తిరిగొచ్చి గీత తాకాకే ఆయన కూర్చున్నారు.

రాసిందంతా రూతు నాకు చదివి వినిపించింది. ఒకచోట "ప్లీడరు గారు మాకు పరాయివారైనా" అని సొంతంగా చేర్చింది. ఆ మాట కొట్టేయించి, వేలిముద్ర వేశాను.

శాంతమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
రాసినది: రూతు
సాక్షులు: లారీ డ్రైవరు సత్తిబాబు, పక్కింటి సుందరమ్మ