పోయొస్తానని పోయినవాడు

సహోదరులారా, ఒట్టు పెట్టుకోకూడదని ప్రభువు చెప్పాడని నాకు తెలుసు, కానీ నా నోటి సంగతి ఎరిగిన మా సంఘంలో ఒట్టు లేకుండా నా మాట నమ్మేవాళ్ళు లేరు కనుక, ఆయన క్షమించుగాక, ఆయన సన్నిధిలోనే ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఈ సాక్ష్యంలో ప్రతి అక్షరం నిజం!

నేను తాడిపత్రిలో బండలకు పాలిషు పట్టే పనివాణ్ణి. పొద్దంతా దుమ్ము మింగి, సాయంత్రం గొంతు కడుక్కోవాలనే వంకతో బ్రాందీ షాపుకు పోయి, ఏ దారిన వచ్చానో తెలియకుండా ఇంటికొచ్చి పడేవాణ్ణి. మందిరం మానేశాను. ప్రార్థనకు నాలుక తిరిగేది కాదు.

అంతకుముందు కళ్యాణదుర్గం దగ్గర ఉన్నప్పుడు, అక్కడి అనాథ పిల్లల ఆశ్రమంలో ఆదివారాలు వంటకు సాయం చేసేవాణ్ణి. గరిటె తిప్పిందానికన్నా కతలు చెప్పిందే ఎక్కువ. ఎండలకు మా మేక, పాలకు బదులు పాలపొడి ఇచ్చిందని నేనంటే, రూతు అనే చిన్నపిల్ల, "మరి కలిపేకి నీళ్ళు యాడివి మామా?" అని నిలదీసేది. పని కోసం తాడిపత్రికి వచ్చేసిన రోజు, అందరం అన్నట్టే "పోయొస్తా" అని చెయ్యి ఊపి వచ్చాను. పోతున్నాననకూడదు కదా! మళ్ళీ వెళ్ళింది లేదు.

ఒకరోజు ఆ ఆశ్రమం చూసుకునే సుశీలమ్మక్క ఫోను చేసింది.

"ఏమప్పా, బతికుండావా? రూతు దినామూ నీకోసం ప్రార్థన చేస్తాంది."

"ఏమనక్కా?"

"నేనెందుకు చెప్తా? వచ్చి విను," అని పెట్టేసింది.

దేవుడు కొందరిని భయపెట్టి లాగుతాడు, కొందరిని ఏడిపించి లాగుతాడు, నన్ను మాత్రం ఆత్రంతో లాగాడు! ఆ పిల్ల నా గురించి దేవునికి ఏం చెబుతోంది? తాగుబోతునని తెలిసిందా? చచ్చాననుకుందా? బండ ముందు కూర్చున్నా అదే, షాపు ముందు నిలబడ్డా అదే! ఆగలేక ఒక ఆదివారం తాగకుండా బస్సెక్కాను, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే పులి అడ్డమొచ్చిందని చెప్పడానికి దారి పొడుగునా మంచి కత కట్టుకున్నాను.

పోయేసరికి సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. కిటికీ పక్కన దొంగలా నక్కి విన్నాను.

"ఏసయ్యా, కతల మామ పోయొస్తానని చెప్పినాడు. పోయేది అయిపాయ. ఒచ్చేది మిగిలుండాది. అది నువ్వే చూసుకో. ఆమేన్."

అయ్యో దేవా! నేను అలవాటుగా విసిరేసిన మాటను ఆ పిల్ల రెండుగా విప్పి, జరగని సగాన్ని నీ చేతిలో పెట్టింది!

సుశీలమ్మక్క నన్ను చూసేసింది. "ఏమప్పా, ఏం కత కట్టుకోనొస్తివి?"

పులిని ఎంత పిలిచినా నోట్లోకి రాలేదు. "తాగుతాన్నానక్కా," అన్నాను, పిల్లలందరి ముందే.

"తాగినోనికి ఈ గేటు తీయను, తెలుసు కదా?"

ఇక బయటికే అనుకున్నాను. రూతు వచ్చి, నన్ను కిందికి వంగమని, నోటి దగ్గర వాసన చూసింది. "ఈ పొద్దు తాగలేదక్కా," అని ఆమెకు చెప్పి, "రా మామా, అన్నం తిందువు," అని చెయ్యి పట్టుకుంది.

ఆ క్షణంలోనే, పలుపు తెంచినట్టు నా తాగుడు కోరిక తెగిపోయింది, మళ్ళీ నా దరికి రాలేదు! దేవునికే మహిమ!

సహోదరులారా, ఆ పలుపు తెగడం ఒక్కటే నేను కల్పించింది. కోరిక పోలేదు. ఇప్పటికీ పని వదలగానే నా కాళ్ళు షాపు వైపే తిరుగుతాయి, ప్రభువు ప్రతి సాయంత్రం వాటిని పట్టి ఇటు తిప్పుతున్నాడు, సుశీలమ్మక్క ప్రతి ఆదివారం గేటు తీస్తోంది. ఒక్క దెబ్బకు పోయిందంటే మీరు గట్టిగా స్తోత్రం అంటారని ఆశపడ్డాను. మీలో ఎవరి కాళ్ళయినా అటు తిరుగుతుంటే, దాహం చచ్చాక వద్దామని కూర్చోకండి. దాహంతోనే రండి.