నొప్పుల మీద చెప్పిన సరే

సిస్టరమ్మ గంభీరావుపేటలో కన్నుమూసిందని మొన్న పొద్దున ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

సిరిసిల్లలో మా మగ్గాలు ఆగిపోయి, నాన్న పని కోసం మహారాష్ట్రలోని భివండి వెళ్లిన కాలంలో నాకు ఒక ప్రసూతి ఆస్పత్రిలో పని దొరికింది. మూలకణాల పరిశోధన కోసం, కాన్పయ్యాక బొడ్డుతాడులోని రక్తం సేకరించి పంపాలి. దానికి తల్లి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయాలి. అక్కడి కాన్పుల గదికి పెద్ద నర్సు సిస్టరమ్మ.

ఆ కాగితాన్ని ఆమె తొమ్మిదో నెల పరీక్షప్పుడే చదివి వినిపించేది. కళ్లద్దాలు ముక్కు కొసకు జారుతుంటే, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివేది. భర్త దుబాయిలో ఉన్న ఒకామె ఓసారి అడిగింది.

“గా నెత్తురుతోని నా పిల్లకేమన్న ఫాయిదా ఉంటదా అమ్మా?”

“ఇప్పుడైతే ఏం లేదు బిడ్డా. ముందుముందు ఎవలకన్న పనికొస్తదేమో చూస్తున్నరు. ఇష్టం లేకుంటే వద్దను. నీ కాన్పు మంచిగనే చేస్తం.”

ఆమె వద్దంది. నాకు ఒళ్లు మండింది. నమూనాలు తగ్గితే నా పని పోతుందని భయం.

“నొప్పులు మొదలైనంక ఏలిముద్ర తీసుకుంటె ఏమైతది సిస్టరమ్మా?” అన్నాను.

“నొప్పుల మీదున్న మనిషి దేనికైనా సరే అంటది. అది సరే అన్నట్టు కాదు బిడ్డా.”

పనికి అడ్డుపడుతోందని ఆమె మీద ఫిర్యాదు రాసింది నేనే. నెల తిరక్కుండా ఆమెను గంభీరావుపేటకు బదిలీ చేశారు. ఆ తర్వాత, మంచం కడ్డీ పట్టుకుని అరుస్తున్న ఆడవాళ్ల వేళ్లకు నేనే సిరా పూశాను. ఒక బాలింత, “అక్కా, గా రోజు నా ఏలు దేనికి ఒత్తిపిచ్చినవ్?” అని అడిగితే పని ఉందంటూ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

కొన్నాళ్లకు పరిశోధన తీరును చూసే ఎథిక్స్ కమిటీ వాళ్లు వచ్చి తల్లులతో మాట్లాడారు. దేనికి ఒప్పుకున్నారో చాలామందికి తెలియదు. సేకరణ ఆపించి, ఆ నమూనాలు వాడొద్దన్నారు. నా పనీ పోయింది. సిస్టరమ్మనూ పిలిచి అడిగారు. ఫిర్యాదు ఎవరిదో తెలిసి కూడా, “గా పిల్లకు ఎవలూ నేర్పలే సార్” అని మాత్రమే అన్నదట.

ఆ తర్వాత ఒకసారి వేములవాడ బస్టాండులో ఎదురుపడింది. తప్పయిందని చెప్పబోయాను. ఆమే ముందు పలకరించింది.

“మీ నాయిన అచ్చిండా బిడ్డా భివండి నుంచి? నువ్వు తిన్నవా?”

ఇంతలో నా బస్సొచ్చింది. “మీ ఇంటికస్త సిస్టరమ్మా, మీతోని మాట్లాడాలె” అని ఎక్కేశాను. గంభీరావుపేట ఎంత దూరమని? ఏళ్లు గడిచినా వెళ్లలేదు.

ఆ రోజు బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నేను ఏ కిటికీ దగ్గర కూర్చున్నానో అని ఆమె ఇంకా వెతుకుతోంది.